సెలీనాను పంపించేయండి

టీవీ సీరియల్లో ఆదాల్తో అనే గాయకుడు తోటి నటి తాయిసా బుగ్గ నిమిరి ముద్దు పెట్టుకున్నాడు. వెనకాల ప్రేమపాట పాడుతున్నదీ ఆదాల్తో గొంతే. సోఫాలోంచి లూసిమారా విసిరిన చెప్పు టీవీకి తగిలి కింద పడింది.

"పగిలితే కొత్తది నువ్వే కొనాలి," పక్కనే కూర్చుని చిక్కుడుగింజల కూరా అన్నం తింటున్న ఆదాల్తో అన్నాడు.

"ఆ కళ్ళు మూసుకోవడం ఏంటి? అదీ డైరెక్టరే చెప్పాడా?"

"ముద్దప్పుడు కళ్ళు తెరుచుకుని ఎవరు చూస్తారే పిచ్చిదానా?"

"నువ్వే! నన్ను ముద్దు పెట్టుకుంటూ గోడ గడియారం చూడవూ?"

ఆదాల్తో నవ్వేసి, షూటింగుందంటూ సెంటు కొట్టుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు రొట్టెల కొట్లో ఇంకో మంట. "ఏం జంటండీ! బయట నిజంగానే పెళ్ళి చేసేసుకుంటే బాగుణ్ణు," అంది కొట్టామె. లూసిమారా పళ్ళు బిగబట్టుకుంది. ప్రేమపాటలు పాడేవాడికి పెళ్ళయిందని తెలిస్తే క్యాసెట్లు కొనే అమ్మాయిలు మొహం తిప్పుకుంటారని, ఆమె తన భార్యన్న సంగతి ఆదాల్తో ఎవరికీ తెలియనివ్వలేదు. పేరు నిలబడేదాకా నోరు విప్పనని ఆమె దగ్గర మాట తీసుకున్నాడు.

సీరియల్‌ను జనం ఏమంటున్నారో చూసుకుంటూ వారం వారం రాసేది దోనా జుల్మీరా అనే పెద్దావిడ. లూసిమారా మొక్కజొన్న కేకు చేసి పట్టుకుని రియోలో ఆవిడ ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళింది.

"నేను... ఆదాల్తో అభిమానినండీ."

"రామ్మా, రా. రోజూ ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. సెలీనాతో అతని పెళ్ళెప్పుడని అడగడానికేగా?"

సెలీనా అంటే తాయిసా వేసే పాత్ర. ఆ పేరు వినగానే లూసిమారా ఒళ్ళు భగ్గుమంది.

"పెళ్ళి వద్దండీ! అదేం మొహం, అదేం వగలు! కారు కింద పడేయండి. జాలేస్తే ఊరైనా దాటించండి. అతని పక్కన మాత్రం ఉండకూడదు."

జుల్మీరా కేకు ముక్క నోట్లో పెట్టుకుని పకపకా నవ్వింది. "అయితే నీ కోరిక తీరినట్టే. శుక్రవారం సెలీనా లిస్బన్ విమానం ఎక్కేస్తోంది. మళ్ళీ రాదు."

లూసిమారా సంతోషం పట్టలేక ఆవిడ రెండు చేతులూ ముద్దు పెట్టుకుంది.

"ఊరంతా ఆ జంటంటే చెవి కోసుకుంటోంది కదండీ! మరి మీకెలా మనసొచ్చింది?"

జుల్మీరా గొంతు తగ్గించింది.

"ఎవరితోనూ అనకు. మొన్న చంకలో పసివాణ్ణి వేసుకుని ఒక పిల్ల వచ్చింది. ఆ ముద్దులు చూడలేకపోతున్నానని ఒకటే ఏడుపు. ఆదాల్తో భార్యట, పాపం."