గెలిచేది ఘనాయే

ఈసారి రామబ్రహ్మం గారికి తప్పు చెప్పే వీల్లేదు.

అంతర్జాతీయ ఫుట్‌బాల్ టోర్నమెంటు రేపే మొదలు. తొలి మ్యాచ్ ప్రివ్యూలో మాట్లాడమని మాదాపూర్‌లోని ఒక యూట్యూబ్ ఛానల్ వాళ్ళు ఆయన్ని పిలిచారు.

ఏలూరులో డ్రిల్ మాస్టారుగా రిటైరై, కూకట్‌పల్లిలో స్థిరపడ్డారాయన. సర్వీసంతా పిల్లలకి బంతి తన్నడం నేర్పారు. స్టాఫ్‌రూములో ఆయన మాట ఒక్కరూ విన్న పాపాన పోలేదు. ఏ మాస్టారైనా సెలవు పెడితే, ఆ క్లాసులో అల్లరి ఆపడానికి తప్ప డ్రిల్ మాస్టారు ఎవరికి గుర్తొస్తాడు? అలాంటిది, ఇప్పుడు ఆ స్టూడియో కుర్చీలో కూర్చుంటే లక్షమంది వింటున్నారు.

ఆ కుర్చీ పోతుందేమోనని ఆయన భయం. అందంగా ఆడే జట్టంటే ఆయనకి బలహీనత. బంతిని నాలుగుసార్లు చక్కగా అందించుకుంటే చాలు, గెలుపు వాళ్ళదే అనేవారు. పోయిన కప్పులో అలా ఆడినవాళ్ళంతా మూటాముల్లె సర్దుకుని ఇంటికెళ్ళిపోయారు. అందుకే ఈసారి వారం రోజులుగా రెండు జట్ల పాత మ్యాచులూ ముందేసుకుని కూర్చున్నారు.

"తప్పితే తప్పింది. కొంపలేమైనా మునుగుతాయా?" అంది భార్య పద్మావతి, కాఫీ ఇస్తూ.

"నాది మునుగుతుందే. మళ్ళీ పిలవరు."

ఛానల్ ఉన్న బిల్డింగు లిఫ్టులో, మెడలో ఐడీ కార్డులున్న కుర్రాళ్ళు ఇద్దరు ఆయన్ని గుర్తుపట్టారు. సెల్ఫీ దిగారు.

"ఎవరు గెలుస్తారో చెప్పాలని మా ఆఫీసులో పోటీ పెట్టారు సార్. మీ ప్రివ్యూ చూడందే మా ఫ్లోర్‌లో ఎవరూ జట్టు పేరు రాయరు," అన్నాడొకడు.

ఆయన ఛాతీ ఉప్పొంగింది. ఎవరికి మాత్రం ఉప్పొంగదు?

స్టూడియోలో యాంకర్ మౌనిక ఎదురొచ్చి నమస్కారం పెట్టింది. ఆయన మనసులో మాట దాచుకోలేకపోయారు.

"పోయినసారి నేను చెప్పినవేవీ జరగలేదమ్మా. కామెంట్లలో జనం ఏమైనా అన్నారా?"

"కామెంట్లు మీరు చదవకండి సార్. అసలు మీరు లేకపోతే మా షోనే లేదు."

ఆయన మనసు కాస్త కుదుటపడింది. ఛానల్ నడిపే ఓంకార్ వచ్చి పక్కన కూర్చున్నాడు.

"అందరు ఆతిథ్య జట్టే గెలుస్తదంటున్నరు. మీరేమంటరు సార్?"

"ఘనా."

ఓంకార్ మొహం వెలిగిపోయింది. "పక్కానా? అయితే జర గట్టిగ చెప్పుండ్రి. టేబుల్ కొట్టి చెప్పుండ్రి."

కొట్టారు. కెమెరా ముందు ఆతిథ్య జట్టు గుట్టంతా విప్పారు. వాళ్ళ ఎడమవైపు డిఫెండరుకి బంతి కనిపిస్తే కాలు నిలవదు. ముందుకి పరిగెడతాడు, వెనక్కి రావడానికి మాత్రం బద్ధకం. ఆ ఖాళీలోంచే ఘనా వాళ్ళు దూరతారు. "రాసిపెట్టుకోండి, గెలిచేది ఘనాయే," అని ముగించారు.

మర్నాడు ఘనా రెండు గోల్స్ కొట్టింది. రెండూ ఆ ఖాళీలోంచే. ఆతిథ్య జట్టుకి ఒక్కటీ లేదు.

రామబ్రహ్మం గారు సోఫాలోంచి లేచి నిలబడ్డారు. కళ్ళలో నీళ్ళు. "చూశావా? నేను చెప్పానా లేదా?" అని పద్మావతి భుజం పట్టుకుని ఊపేశారు. కాలనీలో నలుగురు ఫోన్ చేసి మెచ్చుకున్నారు. ఛానల్ నుంచి మాత్రం ఫోన్ రాలేదు. ఫోన్లో ఛార్జింగ్ ఉందో లేదో చూసుకున్నారు. ఉంది. పనిలో ఉంటారులే అని సర్దిచెప్పుకున్నారు.

మరుసటి రోజు ఇంకో మ్యాచ్ ప్రివ్యూ. ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఎవరూ పిలవకుండానే వెళ్ళారు. స్టూడియోలో ఆయన కుర్చీలో ఇంకెవరో కూర్చుని చొక్కాకి మైకు పెట్టించుకుంటున్నాడు. మౌనిక ఈయన్ని చూసి తల తిప్పుకుంది.

ఓంకార్ ఆయన చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చాడు.

"నేనేం తప్పు చేశానండీ? చెప్పింది చెప్పినట్టే జరిగింది కదా," అన్నారు రామబ్రహ్మం గారు.

"గదే పరేషాన్ అయింది సార్," అన్నాడు ఓంకార్. "మీరు చెప్పిన జట్టు పక్కా ఓడిపోతదని, దానికి ఉల్టా రాసుకోనీకే ఇన్ని దినాలు జనం మిమ్మల్ని చూసిన్రు."