బయట తాళం

వేసవి సెలవుల్లో రెండు దేశాల పిల్లలు ఇళ్లు మార్చుకునే పథకం అది. ఆ ఇంటావిడ కూతురు మా ఇంట్లో ఉంటే, నేను వాళ్లింట్లో ఉన్నాను. ఇద్దరం కాలేజీ పిల్లలమే.

ఆవిడది చెల్లుకు చెల్లు లెక్క. మా అమ్మ ఆ పిల్లకి తల దువ్విందని ఫోన్లో వింటే వచ్చి నాకూ దువ్వేది. అక్కడ వేడినీళ్లు రాలేదని వింటే ఇక్కడ గీజరు కట్టేసేది.

నిన్న సాయంత్రం ఫోను పెట్టేసి, మొహం గంటు పెట్టుకుని వచ్చింది. నన్ను గదిలోకి పంపి బయట తాళం వేసింది.

పొద్దున్నే తలుపు తీసి, "మీ అమ్మ మా పిల్లని ఇలాగే గదిలో పెట్టి తాళం వేస్తోందట. ఇప్పుడు తెలిసిందా ఎలా ఉంటుందో?" అంది.

"హాయిగా నిద్రపట్టింది ఆంటీ," అన్నాను. నిజమే చెప్పాను.

"వెటకారాలొద్దు. ఇందాకే ఫోన్ చేసి మీ అమ్మని కడిగేశాను. ఎందుకు వేస్తున్నావమ్మా అంటే నోరు మెదపదు. చివరికి తాళం తీసేసిందిలే. పాపం, మీ బాబాయి కూడా మా పిల్ల తరఫునే మాట్లాడాడు."

బాబాయి దిగాడన్నమాట. ఆయన వచ్చి ఉన్నన్నాళ్లూ అమ్మ నా గదికి తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకుని, గుమ్మానికి అడ్డంగా పడుకునేది. ఎందుకని ఇంట్లో ఎవరూ అడగరు.

"ఆంటీ, మీ అమ్మాయికి ఫోన్ చెయ్యండి. ఇప్పుడే."

చేసింది. రెండు మాటలు మాట్లాడి, నవ్వుతూ పెట్టేసింది.

"అక్కడ అర్ధరాత్రి కదే పిచ్చిదానా. పిల్ల నిద్రపోతోందట. మీ బాబాయే ఎత్తాడు."