వెనక బరువు

ముసలాయన కారు ముక్కు పైకెత్తుకుని వచ్చింది. వెనక భాగం మాత్రం నేలను నాకుతోంది.

గేటు దగ్గర గుంత దాటుతుంటే డిక్కీ కింద ఇనుము ఠంగుమంది.

పాత కార్లు విప్పి భాగాలమ్మే ఆ యార్డు యజమానిని అందరూ ‘తక్కెడ’ అంటారు. తలుపు పిడి ఒకటి చూపిస్తే చాలు, అది ఏ కారుదో, ఏ ఏడాదిదో, ఎంత పలుకుతుందో చెప్పేస్తాడు.

వచ్చింది డిక్కీ దాకా ఇంటి వసారాలా పొడుగ్గా సాగిన పాతరకం కారు. ఇప్పుడలాంటివి రావు. దాని తలుపుల కోసం, అద్దాల కోసం ముగ్గురు బేరగాళ్లు నెల రోజులుగా తక్కెడ ప్రాణం తోడేస్తున్నారు.

“వెనక స్ప్రింగులు కావాలి బాబూ. ఒక జత,” అన్నాడు ముసలాయన.

తక్కెడ డిక్కీ మూల మీద చెయ్యి వేసి ఒక్క నొక్కు నొక్కి వదిలాడు. మంచి కారైతే ఒకసారి లేచి ఆగిపోతుంది. ఇది ఉయ్యాలలా ఊగి ఊగి, మూలుగుతూ ఆగింది.

“షాకబ్జర్లు కూడా పోయాయి పెద్దాయనా. రబ్బరు బుష్‌లు పిండైపోయాయి. ఏం మోశారు దీంట్లో, కొండలా?”

“మనుషుల్నే.”

“ఎంతమందిని?”

“పన్నెండు మందిని. ఎనిమిదేళ్ల కిందట, ఏరు పొంగిన రోజు. అందులో ఒకరు అప్పటికింకా పుట్టలేదులే.”

తక్కెడ పగలబడి నవ్వాడు. “పుట్టనివాళ్లని కూడా లెక్కేస్తారా! నాకంటే గట్టివాళ్లే మీరు.”

ముసలాయన కూడా నవ్వాడు.

“ఆ రోజు నాకూ దెబ్బే,” అన్నాడు తక్కెడ. “ఇక్కడే ఉండి ఇంజిన్లకు గొలుసులు బిగించుకుంటూనే ఉన్నా. అయినా ఆరు కొట్టుకుపోయాయి.”

“అయ్యో!” ముసలాయన నిజంగానే బాధపడ్డాడు.

“అది సరే. ఎక్కినవాళ్లలో ఒక్కడైనా మళ్లీ వచ్చాడా? అయ్యా, మా బరువుకి మీ బండి నడుం విరిగింది, ఇదిగో స్ప్రింగు అన్నాడా?”

“వాళ్లకి నా పేరు తెలీదు. నాకు వాళ్ల పేర్లు తెలీవు.”

“అంతే పెద్దాయనా. ఏరు దాటాక తెప్ప తగలేసే లోకం ఇది.”

“రేపు బండి తనిఖీ ఉంది. ఇలాగే తీసుకెళితే ఇంక రోడ్డెక్కనివ్వరు. చూడు బాబూ, ఎక్కడో ఒక జత ఉండకపోదు.”

ఉంది. తక్కెడ వీపు వెనకే, టార్పాలిన్ చాటున. మొన్ననే నూనె పూసి దాచాడు.

అతని మనసులో పళ్లాలు ఊగాయి. ఒకదాంట్లో రెండు స్ప్రింగులు. ఇంకోదాంట్లో తలుపులు, అద్దాలు, ఇంజిను. ఎటు మొగ్గాలో చెప్పడానికి జోస్యుడు అక్కర్లేదు.

“లేవు పెద్దాయనా. ఎంత తిరిగినా దొరకవు. నా మాట విని తుక్కుకిచ్చేయండి. మీ చెప్పులరుగుదలైనా మిగులుతుంది.”

ముసలాయన కారు వెనక్కి నడిచాడు.

కారు డిక్కీ గడియ ఎప్పుడో విరిగింది. తలుపుని గీతల గుడ్డపీలికతో బంపరుకి ముడివేసి ఉంచాడు. ఆ ముడిని వేళ్లతో తడిమాడు.

“గడియ కూడా పెట్టించలేదా? పీనాసితనానికైనా హద్దుండాలి,” అన్నాడు తక్కెడ.

“గడియకన్నా ఇదే గట్టిగా నిలబడింది బాబూ.”

కాగితాల మీద సంతకం పెట్టి, తాళంచెవి బల్ల మీద ఉంచి, ముసలాయన నడుచుకుంటూ వెళ్లిపోయాడు. బేరం కూడా ఆడలేదు.

“వెర్రిబాగులవాడు,” అనుకున్నాడు తక్కెడ. గ్యాస్‌కట్టర్ మేస్త్రీని కేకేశాడు. “ముసలాయన మనసు మారేలోపు కోసెయ్!”

మధ్యాహ్నానికి కారు రెండు ముక్కలైంది. డిక్కీ తలుపు ఓ పక్కన వెల్లకిలా పడి ఉంది.

అప్పుడే భార్య వచ్చింది, మూడో తరగతి చదివే కూతుర్ని బడి నుంచి తీసుకుని. డిక్కీ తలుపు దాటబోతూ ఆగింది. వంగి ఆ గుడ్డపీలిక అందుకుంది.

“ఇదెక్కడిదండీ?”

“డిక్కీకి కట్టిన పీలిక. ఏం, ఇల్లు తుడుస్తావా?”

“ఇది నా చున్నీ.”

తక్కెడ నవ్వబోయి, ఆమె ముఖం చూసి ఆగాడు.

“జనం ఎక్కువై డిక్కీ తలుపు మూతపడకపోతే నేనే తీసి కట్టా. ఏరొచ్చిన రోజు నొప్పులతో ఉన్న నన్ను ఆసుపత్రికి చేర్చింది ఈ కారే.”

“మరి నాకు చెప్పలేదే!”

“ఎవరో మహానుభావుడు కారులో చేర్చాడని వందసార్లు చెప్పా. ఏ కారని మీరు ఒక్కసారైనా అడిగారా?”

దారిన పోయే ప్రతి కారు పుట్టుపూర్వోత్తరాలూ అడిగే మనిషి, ఆ ఒక్క కారు గురించి అడగలేదు.

గేటు దాకా పరుగెత్తాడు. వీధిలో అటూ ఇటూ ఎవరూ లేరు. తిరిగొచ్చేసరికి మేస్త్రీ వెనక ఇరుసుని కూడా కోసేసి, మంట ఆర్పుతున్నాడు.

భార్య ఆ పీలికని ఇంకా పట్టుకునే ఉంది.

“పిచ్చి మహారాజు. గుంత వచ్చినప్పుడల్లా నా వైపు తిరిగి, ‘భయపడకమ్మా, పన్నెండు మందినీ చేరుస్తా’ అనేవాడు. ఎక్కింది పదకొండు మందిమే. కంగారులో లెక్క తప్పాడనుకున్నా.”

“నాన్నా, వీటికి నూనెందుకు పూశావు?” టార్పాలిన్ వెనక నుంచి కూతురు కేకేసింది.

తక్కెడ తల తిప్పి చూశాడు. లేవని చెప్పిన ఆ జత స్ప్రింగుల మీదెక్కి కూర్చుని, పన్నెండో మనిషి కాళ్లూపుతోంది.