మెట్ట మీది రొట్టెలు

బస్సు మెట్ట మలుపులో ఆగీ ఆగకముందే ముసలమ్మ డ్రైవర్ కిటికీ పట్టుకుంది.

"తిన్యావా నాయనా?"

సుబ్బరాయుడికి ఒళ్లు మండింది. నంద్యాల - ఆళ్లగడ్డ సర్వీసు మీదికి వచ్చి వారం కాలేదు. రోజూ ఇదే ప్రశ్న.

"తిన్యాలే అవ్వా. ఎక్కేదుంటే ఎక్కు, లేకుంటే జరుగు."

"ఏం తిన్యావ్?"

"బోండాలు."

"నూనె బోండాలు మింగి ఇంతమందిని ఏసుకొని పోతాండావా? ఇది పెట్టుకో. జొన్నరొట్టె, గోంగూర పప్పు. ఇప్పుడే కాల్చినా."

మోదుగాకు పొట్లం ఒళ్లో పడింది. కండక్టర్ హుస్సేన్ వలి విజిల్ వేశాడు. బస్సు కదిలి, దుమ్ములో కలిసిపోయేదాకా ముసలమ్మ అక్కడే నిలబడి చూసింది, ఇంటి మనిషిని సాగనంపినట్టు.

"తినాకు అన్నా," అన్నాడు వలి, టిక్కెట్లు కొడుతూనే. "ఈ పక్క ముసిలోళ్లు తిండిలో మందు పెడతారు. కడుపులో పడిందంటే వాళ్లెట్ల తిప్పితే అట్ల తిరగాల్సిందే."

"నువ్వు చూసినావా?"

"నీ ముందు సైదులన్న రోజూ తిన్యాడు. ఆర్నెల్లు తిరక్కముందే బదిలీ చేసి సున్నిపెంట డిపోకు తోసినారు."

ముందు సీట్లలో వాళ్లు పకపకా నవ్వారు. సుబ్బరాయుడూ నవ్వాడు. నవ్వుతూనే పొట్లాన్ని కాలువలోకి విసిరేశాడు. మందు పెడతారన్న భయం ఆ సీమలో చదువుకున్నవాళ్లకూ ఉంది.

ఆయనకు మరో భయం కూడా ఉంది. అది ఎవరికీ చెప్పుకునేది కాదు.

రెండు నెలల కింద నంద్యాల డాక్టరు చక్కెర జబ్బని తేల్చాడు. "మాత్ర ఏసుకున్న అరగంటలో తినాల. తినకుంటే కండ్లు తిరిగి పడతావ్. హోటలు తిండి మాను. రొట్టె, కొర్రబువ్వ, ఆకుకూర తిను."

"డ్యూటీలో యాడ కుదురుతాది సార్?"

"ఇంట్లో కట్టించుకొని పో."

ఇంట్లో కట్టిచ్చే మనిషి లేదు. భార్య ఉమామహేశ్వరమ్మ, మంచాన పడ్డ తల్లిని చూసుకుంటూ కొలిమిగుండ్లలోనే ఉండిపోయింది. జబ్బు సంగతి పైవాళ్లకు తెలిస్తే స్టీరింగు దగ్గర కూర్చోనివ్వరు. చేతనైన పని అదొక్కటే. అందుకే వలికి కూడా చెప్పలేదు. పొద్దున పూరీలు, మధ్యాహ్నం ఏది దొరికితే అది, దొరక్కపోతే టీ.

ఒకనాడు తొందరపడి మలుపు దాటకముందే పొట్లం పారేశాడు. అద్దంలో చూస్తే ముసలమ్మ నడుం వంచి, రోడ్డు మీది రొట్టెను ఏరుకుంటోంది.

ఇక రాదనుకున్నాడు. మరునాడు మళ్లీ వచ్చింది.

"పారేస్తే పారేస్తివిలే. ఈ పొద్దు నా ముందర రెండు తునకలు తిని పో."

"నాతో నీకేం పనవ్వా?"

"నాకేం పని నాయనా? నువ్వు తింటే సాలు."

బస్సులో ఎవరో కిసుక్కుమన్నారు. సుబ్బరాయుడికి తల తీసేసినట్టయింది.

"పోయి నీ కొడుకులకు పెట్టుకోపో!"

కిటికీ మీద ఆమె చేయి ఒక్క క్షణం అట్లాగే ఉండిపోయింది. తర్వాత పక్కకు జరిగింది.

ఆ తర్వాత వారం రోజులు ఆమె కనిపించలేదు.

"పీడ వదిలిందన్నా," అన్నాడు వలి.

ఎనిమిదో నాడు దారిలో టైరు పంక్చరై గంటన్నర పోయింది. ఆళ్లగడ్డ చేరగానే సుబ్బరాయుడు మాత్ర వేసుకొని హోటలు వైపు నడిచాడు. వెనక నుంచి బస్టాండు కంట్రోలర్ కేకేశాడు.

"లేటైంది, బండి తియ్యప్పా! జనం అరుస్తాండారు!"

నంద్యాలలో తిందాంలే అనుకున్నాడు.

మెట్ట ఎక్కుతుంటే చొక్కా తడిసి ముద్దయింది. చేతులు వణికాయి. ఒక రోడ్డు రెండు రోడ్లయింది. ఏది నిజమో తెలియక, ఉన్న బలమంతా పెట్టి బ్రేకు తొక్కాడు. బస్సు అడ్డంగా జారి, ముందు చక్రం అంచు మీదికి వచ్చి ఆగింది. కింద రెండు నిలువుల లోతున బండరాళ్లు. బస్సు నిండా ఏడుపులు.

"ఏమైందన్నా?" వలి పరుగెత్తుకొచ్చాడు.

"చక్కెర జబ్బురా వలీ... మాత్రేసుకొని తినలేదు."

వెనక సీటు నుంచి ఎవరో బెల్లం ముక్క అందించారు. వలి దాన్ని ఆయన నోట్లో పెట్టి, నీళ్లు తాగించాడు. చూపు నిలబడగానే సుబ్బరాయుడు మలుపు వైపు చూశాడు. అక్కడ ఎవరూ లేరు. మేకలు తోలుకుంటూ ఒకామె బస్సు దగ్గరికి వచ్చింది. పేరు లింగమ్మ.

"ఈడ నిలబడే అవ్వ యాడుందమ్మా?"

"సుగుణమ్మా? మొన్న మంగళారం పాయె. జరమొచ్చి నాలుగు దినాలు పడుండె. ఆ జరంలోనూ ఒకటే పోరు, బస్సొచ్చే యాళైంది, పిండి కలుపు లింగమ్మా అని."

వలి తల దించుకున్నాడు.

"మా డ్రైవర్లకే ఏమిటికి పెట్టేది?" అన్నాడు సుబ్బరాయుడు.

"మూడేండ్ల కింద ఈ మలుపులోనే బస్సు బోర్ల పడె. ఆ డ్రైవరు తెల్లారి నుంచి పస్తు ఉండెనంట. కండ్లు తిరిగి స్టీరింగు వదిలేసినాడంట."

సుబ్బరాయుడు కిటికీలోంచి ముందుకు వంగాడు.

"ఆ డ్రైవరు తల్లా ఈమె?"

"కాదప్పా, ఆమె కొడుకులిద్దరూ ఆ బస్సులో సచ్చినోళ్లు," అంది లింగమ్మ.