అవ్వ నిద్రమందు

మక్తల్ దగ్గరి ఆ ఊరికి ప్రమీల కోడలై వచ్చి ఇంకా నెల కాలేదు. అది పంతొమ్మిది వందల అరవై రెండు, చలికాలం. ఇంటినిండా మనుషులే. పగటిపూట మొగుడు రఘుపతితో రెండు మాటలు మాట్లాడబోతే చాలు, పక్కనుంచి ఎవరో ఒకరు దగ్గేవారు.

అదృష్టం కొద్దీ రఘుపతి నాయనమ్మ నాగులమ్మకు నిద్ర కరువైంది.

"అడవి కాహు మొక్క కావాలె బిడ్డా. కషాయం తాగితే నిద్రొస్తది, ఆకు ఎచ్చజేసి కడితే మోకాళ్ళ నొప్పి పోతది. కాలేజీల చెట్ల చదువు చదివినవు గద, నువ్వే గుర్తుపట్టు. పెనిమిటిని తోలుకపో. కొత్త జంట తెంపితెనే గుణమిస్తది."

మొదటిరోజే వాగు ఒడ్డున దొరికింది. తుంచితే పాలు కారాయి. ఆకు వెనక నడిమి ఈనె మీద సన్నటి ముళ్ళు వరసగా ఉన్నాయి. అనుమానమే లేదు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రఘుపతి దాన్ని మెల్లగా వాగులోకి జారవిడిచాడు.

"దొరకలే అవ్వా!"

దొరికితే షికారు బంద్ మరి. అప్పట్నించి రోజూ వెతుకులాటే. చేయీ చేయీ పట్టుకుని చేలగట్లన్నీ తిరిగారు. పచ్చజొన్న కంకులు కాల్చుకు తిన్నారు. మొక్క మాత్రం దొరకలేదు.

ఓ పొద్దున మేకల బీరన్న ఒక మేకను భుజానేసుకుని పరుగెత్తుకొచ్చాడు. మేక గురక పెడుతోంది. దాని నోట్లో సగం నమిలిన కొమ్మ.

"అవ్వా, నీ నిద్రాకు గిదే! కట్టేసిన కాడనే తిని పన్నది. ఎంత గుంజినా లేస్తలేదు!"

ప్రమీల గబుక్కున ముందుకొచ్చింది. కొమ్మ అందుకుని అటూ ఇటూ తిప్పింది. తెల్లటి పాలు మోచేతి దాకా కారాయి.

"ఇది కాదు," అంది.

"పాలున్నయి గదమ్మా?"

"పల్చగున్నయి."

"ముండ్లున్నయి గద?"

"అసలుదాని ముండ్లు జర నవ్వినట్టుంటయి."

"మరి మేక?"

"అలిసిపోయింది పాపం," అన్నాడు రఘుపతి.

అవ్వ మేకనూ ప్రమీలనూ మార్చి మార్చి చూసింది.

"చదువుకున్న పిల్ల కాదంటే కాదు. ఇయ్యాల జర దూరం పోయి చూడుండ్రి. సద్ది కట్టుకొని పోండ్రి."

వాళ్ళిద్దరూ నడకో పరుగో తెలియకుండా గడప దాటేశారు. అవ్వ బీరన్న చెవి పట్టుకుని దగ్గరికి లాక్కుంది.

"నోర్మూసుకోరా, వాళ్ళ కంట్ల పడొద్దని దొడ్డెనక మొలిచిందంత పీకి మేకకేసింది నేనే!"