చీర కట్టినోళ్ల వరస

"తనిఖీలో చీర కట్టినోళ్లంతా నీ వరసే లోకేశ్వరీ. ఆడా మగా అని సూడొద్దు" అని చెప్పేసి ఎస్సై హేమచంద్ర డేరాలోకి వెళ్లిపోయాడు.

తిరుపతి గంగజాతరలో అది నాలుగో రోజు. ఊళ్లో మగవాళ్లు సగంమంది మొక్కు ప్రకారం చీరలు కట్టి, సవరాలు పెట్టి, మీసాల కింద లిప్‌స్టిక్ పూసుకుని అమ్మవారి గుడికి బయల్దేరారు. జాతర వీధికి అడ్డంగా ఇనుప కంచె, సంచుల తనిఖీ ఇదివరకెన్నడూ లేవు. కిందటి నెల కాశ్మీరులో ఉగ్రవాదులు పర్యాటకులను కాల్చి చంపాక, జనం పోగయ్యే ప్రతిచోటికీ వచ్చినట్టే ఇక్కడికీ వచ్చాయి.

హోంగార్డు లోకేశ్వరికి ఇంకో బెంగ ఉంది. పోయిన వారం బస్టాండులో, పోలీసులే పరీక్ష కోసం పంపిన ఉత్తుత్తి బాంబు ఆమె చేతుల మీదుగానే దాటిపోయింది.

"ఈ పొద్దు కూడా మనోడొకడు అట్లాంటిదే తెస్తాడు. ఏ వేషమో చెప్పను. మళ్లా వదిలేసినావంటే రేపట్నించి ఇంట్లోనే కూర్చో" అని ఎస్సై ముందే హెచ్చరించాడు.

కంచె పక్కన వేపమండలమ్మే చౌడమ్మకు ఏ బెంగా లేదు. ఈ జాతరలో తిట్టడం, తిట్టించుకోవడం రెండూ అమ్మవారికి మొక్కే. వచ్చిన ప్రతి వేషగాడినీ ఆమె వదలకుండా తిడుతోంది.

"ఏమ్రా గుమ్మడికాయ మొగమోడా! ఆ చీర ఎత్తుకొచ్చినట్టు నీ పెండ్లానికి తెలుసునా?"

"ఇచ్చింది నీ కోడలే ముసిలీ! నిన్ను తరమమని కొంగు కూడా బిగించింది!"

వరసంతా గొల్లున నవ్వింది. లోకేశ్వరి కూడా నవ్వుతూనే బుట్టలు వెతుకుతోంది. పొంగలి, నిమ్మకాయలు, పసుపు కుంకుమ.

నీలం చీర కట్టినవాడు ఒకడు బుట్టను చంకనెత్తుకుని వచ్చాడు.

"ఏమే వంకర కాళ్లదానా, మొగుడు తరిమేసినాడా?" అంది చౌడమ్మ.

అతను తల దించుకున్నాడు. "కొంచెం దారి ఇవ్వండి, ప్లీజ్" అన్నాడు మెల్లగా.

లోకేశ్వరి చెయ్యి ఆగింది. వేషం కట్టినవాడు తిట్టుకు తిట్టు అప్పజెప్పకుండా దారి అడుగుతాడా? ఎవరో కొత్తగా బదిలీ మీద వచ్చిన పోలీసు, పాపం!

బుట్టలో వేపాకు పక్కకు తోసింది. అడుగున టిఫిన్ క్యారియర్. మూత తీస్తే వైర్లు, చిన్న గడియారం.

"దొరికిపోయినారు సార్!"

అతను గిరుక్కున వెనక్కి తిరిగాడు. ఆమె గబుక్కున కొంగు అందుకుని కంచెకు ముడేసింది.

"యాడికి సార్ పరిగెత్తేది? ఎస్సై సారు కండ్లారా సూడొద్దా?"

ఇద్దరు వేషగాళ్లు చెరో చెయ్యీ పట్టుకున్నారు.

"గింజుకోవద్దు నాయనా, చీర ఊడిపోతుంది" అంది చౌడమ్మ. జనం ఈలలేశారు.

లోకేశ్వరి క్యారియర్‌ను చంటిబిడ్డలా ఎత్తుకుని డేరాలోకి పరిగెత్తింది. ఎస్సై టీ గ్లాసు పక్కనే దాన్ని పెట్టింది.

"పట్టేసినాను సార్! గడియారం కూడా నిజంగా తిరగతా ఉండాది, మనోళ్లు శానా బాగా చేసినారు. ఇప్పుడు చెప్పండి, నా డ్యూటీ ఉన్నట్టా, పోయినట్టా?"

ఫోను చెవికి ఆనించుకున్న ఎస్సై క్యారియర్ వంక, ఆమె వంక మార్చి మార్చి చూశాడు.

"మనోడు ఇంకా స్టేషన్లోనే చీర కట్టుకుంటా ఉండాడమ్మా."