అగ్గువ విల్లు

"గీ రేటుకైతే కొననే కొన. దీనికంటే అగ్గువది తియ్యి" అన్నాడు హనుమంతు, క్రాస్‌బో అనే తుపాకిలాంటి విల్లును కౌంటరు మీద పక్కకు జరుపుతూ.

పాలమూరులో అదొక ఆటసామాన్ల దుకాణం. హనుమంతు పక్కనే అతని పెళ్ళాం నిరోష నిలబడి ఉంది. దుకాణం యజమాని అమరేందర్‌కు ఈ ఇద్దరితో బేరమాడీ ఆడీ గొంతు ఆరిపోయింది.

"అన్నా, ఇంతకంటే అగ్గువంటే పోరగాండ్లు ఆడుకునేదే వస్తది. అసలు దేనికి నీకిది?"

"జింకలను కొట్టేతందుకు" అంది నిరోష తడుముకోకుండా.

అమరేందర్ చప్పున వీధి వైపు చూశాడు. "అక్కా, నీకు దండం పెడత. గా మాట ఈడ తియ్యకు, జైల్లేస్తరు. నువ్వు అన్లే, నేను ఇన్లే. మేం అమ్మేది అట్టముక్కకు గురిపెట్టి కొట్టుకునేతందుకే!"

"నువ్వు అట్టకు కొట్టుకో తమ్మీ. మా పెసరచేను రెండుసార్లు ఇత్తినం. రెండుసార్లూ మొలక రాంగనే మందకు మంద వచ్చి మేసిపాయె. చేను సుట్టూ చీరెలు కట్టినం, నా పెండ్లి చీరె సుత. మైకు పెడితే గవి మైకు కిందనే నిలబడి మేస్తున్నయి! కమ్మలమ్మి మల్ల ఇత్తనాలు తెచ్చిన. ఈసారి పోతే చేను ఇడిసిపెట్టి పట్నం కూలికి పోవుడే."

"ఒక్కదాన్ని కొడితే సాలు. మిగిలినయి మా దిక్కు సూడవు" అన్నాడు హనుమంతు. విల్లును భుజానికెత్తి, ఒక కన్ను మూసి, ఎదుటి గోడ మీది క్యాలెండరుకు గురిపెట్టాడు. మనిషి మహా హుషారుగా ఉన్నాడు.

చేసేది లేక అమరేందర్ నారి ఎక్కించే పద్ధతి చెప్పాడు. "ముందటి ఇనుప కడెంల కాలు పెట్టి, వంగి, రెండు చేతులతోటి నారిని పైకి గుంజాలె. ఉత్త చేతులతోటైతే నడుం పట్టేస్తది. గీ కొక్కేల తాడు తగిలిస్తే సగం బలం సాలు. గీ తిప్పుడు మర ఉంటే ముసలోళ్ళు సుత ఎక్కిస్తరు. కని మర జర పిరం."

"తాడు సాలు. నా రెక్కలేమన్న పడిపోయినయా మర తిప్పనీకి?"

చివరికి విల్లుకు తాడు ఊరికే ఇచ్చేటట్టు బేరం కుదిరింది. నిరోష సంచిలోంచి పర్సు తీసింది. సరిగ్గా అప్పుడే హనుమంతు ఫోను మోగింది. మాటలు సరిగా వినపడక అతను మెట్ల మీదికి పోయి మాట్లాడాడు. బయటికి పోయింది ఒక మనిషి, లోపలికి వచ్చింది వేరే మనిషి.

"వద్దు. పా, ఇంటికి పోదాం" అన్నాడు.

"గదేందయ్యా? ఎవరు ఫోన్ల?"

"ఎవరైతే ఏంది? తాడు సన్నగున్నది. తెగుతది."

అమరేందర్ డబ్బాలోంచి అలాంటిదే ఇంకో తాడు తీసి ఇచ్చాడు.

"ఇది మరీ లావున్నది."

అమరేందర్ రెండు తాళ్ళనూ పక్కపక్కన పెట్టి చూశాడు. వెంట్రుకవాసి తేడా లేదు. "పోనీ మర తీస్కో అన్నా, ధర తగ్గిస్త."

"నాకు తిప్పరాదు."

నిరోషకు ఒళ్ళు మండింది. మొగుడి మొహంలోకి చూస్తే పెదవుల మీద నవ్వు ఆగడం లేదు, కళ్ళలో నీళ్ళు కూడా ఉన్నాయి. "చేను మన్నైతుంటే నవ్వొస్తున్నదా నీకు? ఫారెస్టోళ్ళకు భయపడ్డవా? లేకుంటే జింకల మీద జాలి పుట్టిందా? గవాటి మీద జాలి పడేటోనివి, నా ఏడుపు కానొస్తలేదా?"

"చేను పోతే పోనీయే. కూలి చేసుకోని బతుకుదాం."

ఆ మాట ఆమె తట్టుకోలేకపోయింది. ఎండలో వంగి వంగి ఒక్కొక్క గింజా నాటింది తను. ఇంత తేలిగ్గా పొమ్మంటాడా?

"నువ్వు గాజులు తొడుక్కోని కూసో. నేనే గుంజుత, నేనే కొడత!" అంటూ కొంగు నడుముకు చుట్టి బిగించింది. విల్లును నేలకు ఆనించి, కడెంలో కాలు పెట్టి, నారి పట్టుకోవడానికి వంగింది.

"ఏయ్! వంగకే! గుంజకు, నీ బాంచెన్!"

ఆ కేకకు రోడ్డు మీద పోయేవాళ్ళు కూడా ఆగి చూశారు. హనుమంతు విల్లును లాగేసి కౌంటరు మీద పడేశాడు. ఆమెను రెండు చేతులా పట్టి, స్టూలు మీద మెల్లగా కూర్చోబెట్టాడు. "తమ్మీ, మంచినీళ్ళియ్యి జల్ది" అని అమరేందర్‌ను తొందరపెట్టాడు.

"పిచ్చి గిట్ల లేసిందా నీకు?" అంది నిరోష, రొప్పుతూ.

పరాయి మనిషి ముందు చెప్పడమెలాగో హనుమంతుకు తోచలేదు. ఏదో ఉందని అమరేందర్‌కే తోచి, నీళ్ళ గ్లాసు అక్కడ పెట్టి, అరల వైపు తిరిగి బంతులు సర్దడం మొదలుపెట్టాడు. హనుమంతు ఆమె ముందు గొంతుకూర్చుని, సిగ్గుపడుతూ, గుసగుసగానే అనుకుంటూ దుకాణమంతా వినపడేటట్టు అన్నాడు:

"పొద్దుగాల నీ రక్తం తీసిన దవాఖానోళ్ళే ఫోన్ చేసిన్రే... నీళ్ళోసుకున్నదాని మొగడు కాన్పయ్యేదాక చీమను సుత సంపొద్దంటరు గదా, ఇగ జింకనెట్ల కొట్టాలె?"